ఎనకోడికే కనపడే దీపం

ఆనందపురం రోడ్డులో గెడ్డ మీద, అదే వాగు మీద, ఒక కల్వర్టు ఉండేది. పగలు సూస్తే ఏటీ లేదు — రెండు పక్కలా మోకాలెత్తు గోడలు, కింద గుండ్రాళ్ళు, అంతే. సీకటి పడితే మాత్రం మా టాక్సీవోళ్ళు ఎవులూ దాని మీద బండి ఆపేవోళ్ళు కాదు. ఒంటేలుకొచ్చినా సరే, బిగబట్టుకుని కొమ్మాది దాకా ఎల్లిపోయేవోళ్ళు.

ఎందుకంటే... అక్కడ ఎనకాల సైకిలు బెల్లు వినపడేది.

ట్రింగ్... ట్రింగ్... తిరిగి సూస్తే రోడ్డు ఖాళీ. ఆ బెల్లుకి బెదిరిపోయి రెండు లారీలు గెడ్డలో పడ్డాయి.

నవ్వుకోండి. నానూ నవ్వినోణ్ణే. మా స్టాండులో జగ్గయ్య బావ నోట విన్నాక మానీసినాను. బావ అబద్ధాలాడడని కాదు. ఆడతాడు, పెట్రోలు లెక్క దగ్గర రోజూ ఆడతాడు. గానీ ఇది సెప్పినంతసేపూ సేతిలో టీ తాగడమే మర్చిపోనాడు.

డెబ్భై ఒకటి డిసెంబరు. యుద్ధం వొచ్చినాది. విశాఖపట్నం అంతా బ్లాకవుట్. కిటికీలకి నల్ల కాగితాలు, కార్ల హెడ్‌లైట్లకి సగం దాకా నల్ల రంగు. బావకి సొంత అంబాసిడర్ ఉండేది. ముందు లైట్లకి రంగేసినాడు. మరి ఎనకాల? బ్రేకు తొక్కినప్పుడల్లా ఎర్రగా ఎలుగుతాయి కదా, వీధిలో కాపలా కుర్రోళ్ళు "ఆర్పరా బాబూ, బాంబులేయిస్తావేటి!" అని ఒకటే కేకలు. ఇసుగొచ్చి, ఇంటి దగ్గర స్క్రూలిప్పి ఆ బల్బులు రెండూ పీకీసినాడు. కాగితంలో సుట్టి వంటింటి అటక మీద ఒక డబ్బాలో పడీసినాడు.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి బావ ఆనందపురం నుంచి ఖాళీ బండితో మెల్లిగా వస్తన్నాడు. కన్ను పొడుచుకున్నా కానరాని సీకటి. కల్వర్టు మీద నక్క అడ్డమొచ్చినాది. నక్క తోక తొక్కితే అదృష్టమంటారు గానీ, మన బావ బ్రేకు తొక్కినాడు.

ఎనకాల... టప్.

రాయి ఎగిరి తగిలుంటాది అనుకున్నాడు. దిగలేదు. భయమేసినాది, దిగలేదు.

మర్నాడు తెలిసినాది. ఊళ్ళమ్మట సేపలమ్ముకునే నూకాలు అనే ఆయన ఆ కల్వర్టు కింద రాళ్ళ మీద సచ్చిపడున్నాడట. పక్కన సైకిలు, సేపల తట్ట. సీకట్లో జారిపోనాడు పాపం అని అందరూ అన్నారు. బావా అదే అన్నాడు. ఆ మర్నాటి నుంచే బెల్లు మొదలైనాది.

యుద్ధం రెండు వారాల్లో అయిపోనాది. అందరూ హెడ్‌లైట్ల మీద రంగు గీకీసినారు. అది కళ్ళెదురుగా ఉంటాది, గుర్తుంటాది. బ్రేకు లైటో? సీట్లో కూకున్నోడికి అది జన్మలో కనపడదు. ఎనకోడికే కనపడతాది. బావ శుభ్రంగా మర్చిపోనాడు.

ఫిబ్రవరిలో కూతురు గౌరీశ్వరిని పురిటికి తీసుకురావాలి. అత్తారిల్లు ఆనందపురం. తొలి కాన్పు. పంతులు పెట్టిన ముహూర్తం తెల్లారుజాము నాలుగ్గంటలకి. అంటే ఆ కల్వర్టు సీకట్లోనే దాటాలి... కడుపుతో ఉన్న పిల్లని ఎనక సీట్లో ఎట్టుకుని.

బావకి వారం రోజులు నిద్ర లేదు. ఒక్కగానొక్క కూతురు మరి.

బయల్దేరేముందు రోజు సాయంత్రం, బావ పెళ్ళాం ఆదిలక్ష్మమ్మ కూతురికోసం అటక మీంచి వడియాల డబ్బా దింపినాది. దీపాలెట్టే ఏళ.

"ఇదేటి బావా, వడియాల్లో గాజుబుడ్లు?"

ఆదిలక్ష్మమ్మ బావకి సొంత మేనమామ కూతురు. పెళ్ళయి ఇరవయ్యేళ్ళైనా బావా అనే పిలుస్తాది.

ఆ బల్బులు సూడగానే బావకి ఆ డిసెంబరు రాత్రి కళ్ళముందుకొచ్చినాది. నక్క అడ్డమొచ్చినాది... తను బ్రేకు తొక్కినాడు... ఎనకాల దీపం ఎలగలేదు. బండిని నమ్ముకుని, దాని జాడనే పట్టుకుని సీకట్లో పల్లానికి వస్తన్న మనిషికి బండి ఆగినట్టు ఎలా తెలుస్తాది?

"ఓర్నాయనో... నానే సంపీసినానే," అన్నాడు లోలోపల. పెళ్ళానికి సెప్పలేదు.

వెంటనే స్క్రూడ్రైవరు పట్టుకుని వాకిట్లోకి ఎల్లినాడు. ఎర్ర గాజు ఇప్పినాడు. మన ఊరి ఉప్పుగాలి సంగతి తెలిసిందే కదా, హోల్డర్లు పచ్చగా సిలుం పట్టీసున్నాయి. బల్బులు లోపలెట్టి, నొక్కి తిప్పినాడు.

"ఆదీ, ఎనకాల నిలబడి సూడు. నాను బ్రేకు తొక్కుతాను, ఎలిగితే సెప్పు."

"పొయ్యి మీద పాలున్నాయి. నువ్వు కూకో, వస్తన్నాను."

సీట్లో కూకుని తొక్కినాడు. అప్పటికే బాగా సీకటి పడిపోనాది.

"ఎలిగినాదేటే?"

డిక్కీ పక్క నుంచి, మెల్లిగా...

"లేదు బావా."

దిగి ఎనక్కి ఎల్లినాడు. పెళ్ళాం లేదు. మళ్ళీ పాల కోసం లోపలికి ఎల్లుంటాది అనుకున్నాడు. గరుకు కాగితంతో సిలుం రుద్దినాడు. మళ్ళీ కూకున్నాడు. తొక్కినాడు.

"ఇప్పుడో?"

"లేదు బావా..."

గొంతు బొంగురుగా ఉంది. ఏడుస్తన్నాదేటి ఇది, అనుకున్నాడు. కూతురు వస్తన్నాదని సంబరంలో ఉండాల్సింది! మళ్ళీ దిగినాడు. మళ్ళీ ఎవులూ లేరు. ఎండుసేపల వాసన మాత్రం గుప్పుమన్నాది. ఆ రోజు శుక్రవారం. ఆ ఇంట్లో నీసు లేదు.

సాకు మొనతో హోల్డర్ల అడుగున గీకినాడు. బల్బులెట్టినాడు. ఒచ్చి కూకున్నాడు. ఈసారి బ్రేకు మీద రెండు కాళ్ళూ ఏసినాడు.

అడక్కుండానే ఆ గొంతు సెప్పినాది.

"ఎలిగినాది బావా."

అప్పుడే గుమ్మంలో గాజులు గలగలలాడినాయి. ఆదిలక్ష్మమ్మ సేతిలో గరిటెతో పరుగున వొచ్చినాది.

"పాలు పొంగిపోనాయి బావా, పొయ్యి అంతా తుడుసుకునేసరికి ఇంతసేపైనాది. ఇదిగో, నిలబడతన్నాను. ఇంక తొక్కు."

ఆ రాత్రి బావ అన్నం ముట్టలేదు. నాను ఎల్లనంటే ఎల్లనన్నాడు. ముహూర్తం దాటిపోతే బిడ్డకి అరిష్టమని ఆదిలక్ష్మమ్మ ఏడిసింది. ఎల్లినాడు. నాలుగ్గంటలకి కూతుర్ని ఎక్కించుకుని, అమ్మా పైడితల్లీ అనుకుంటా బయల్దేరినాడు.

కల్వర్టు వొచ్చినాది.

ట్రింగ్... ట్రింగ్...

ఎనకాలే. దగ్గరగా. ఎప్పుడూ అంత దగ్గరగా వినలేదు. బావ గేరు మార్చబోతంటే — ఎదురుగా, అదే సోట, నక్క.

పక్కకి కోస్తే గెడ్డ. ఆపితే... ఎనకాల ఆ మనిషి. ఎనక సీట్లో నిండు సూలాలు. బావ కళ్ళు మూసుకుని బ్రేకు తొక్కీసినాడు.

బండి ఆగినాది. బెల్లు ఆగినాది. బావ 'టప్' కోసం వింటన్నాడు. ఆ సప్పుడు రాలేదు.

గౌరీశ్వరి ఎనక అద్దంలోంచి తిరిగి సూసినాది.

"కంగారు పడకు అయ్యా. సైకిలాయన ఆగినాడు. మన ఎర్ర లైటు సూసినాడు కాబోలు."

బావ ముందున్న అద్దంలో సూసినాడు. రోడ్డంతా ఎర్రగా ఎలుగుతన్నాది. ఎవులూ లేరు.

"ఎవులమ్మా?"

"అదిగో అయ్యా, సేపల తట్ట కట్టుకున్నాయన. తల పగిలి నెత్తురు కారతన్నాది పాపం... ఎక్కించుకుందామేటి?"

నూకాలు సచ్చిన రాత్రి దిగలేదు జగ్గయ్య బావ. ఈసారి తలుపు తీసుకుని దిగినాడు.