ఒక్క ఫిర్యాదూ రాని వీధి

నాది నోటితో చేసే ఉద్యోగం. ట్రావెల్ ఆఫీసులో ఫోన్ దగ్గర కూర్చుంటాను. కోట చూడాలనీ, పాత మహలు చూడాలనీ ఆ పాత నగరానికి వెళ్లేవాళ్లంతా నాకు ఫోన్ చేసి అడిగేది ఒకటే. ఏ ఏరియాలో దిగమంటారండీ అని. నేను గుక్క తిప్పుకోకుండా చెప్తాను. స్టేషన్ పక్కన దిగితే బండ్ల గోల. గడియారం స్తంభం దగ్గరైతే బజారు చేతికందుతుంది గానీ, కాలు పెట్టడానికి సందుండదు. ప్రశాంతంగా ఉండాలంటే మాత్రం కోట గోడ వెనక వీధి. ఇన్నేళ్ల నుంచీ ఇలా ఊదరగొడుతున్నాను గానీ ఆ ఊరి మొహం నేనెప్పుడూ చూడలేదు. నవ్వకండి, మా ఆఫీసులో చాలామంది నాలాంటివాళ్లే.

చూడకుండా ఎలా చెప్తావంటారా? తిట్లను బట్టి. ఊరెళ్లి వచ్చినవాళ్లు ఊరుకోరు కదా. వేడినీళ్లు రాలేదని ఒకరు, దోమలు పీక్కుతిన్నాయని ఒకరు, దుప్పటి కంపు కొట్టిందని ఇంకొకరు ఫోన్ చేసి దులిపేస్తారు. ఎక్కడి నుంచి తిట్లు తక్కువొస్తే అది మంచి ఏరియా. మా పనిలో కొలత అంతే. కోట వెనక వీధి గురించి ఇంతవరకూ ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఒక్కటంటే ఒక్కటి. అందుకే ఎవరైనా ఒంటరిగా వస్తున్నాం, గోల లేని చోటు చూడండి అంటే కళ్లు మూసుకుని అక్కడికే పంపేదాన్ని.

ఒంటరిగా వెళ్లేవాళ్ల గొంతులు నాకు బాగా గుర్తుండిపోతాయి. పని అయిపోయినా ఫోన్ పెట్టరు. రిటైరైన డ్రాయింగ్ మాస్టారొకాయన ఉండేవారు, ప్రతి మాటకీ ముందు రెండుసార్లు గొంతు సవరించుకునేవారు. హారన్ మోత చెవిన పడకూడదమ్మా అన్నారు. ఇంకొకావిడ ముందు చిన్నగా నవ్వి, ఆ తర్వాత మాట్లాడేది. గది ఖాయమైపోయాక కూడా మీ దగ్గర వానలున్నాయా, మీరు భోంచేశారా అని అడిగేది. నేనూ పెట్టేసేదాన్ని కాదు. ఇంటికెళ్తే నాతో మాట్లాడేది ప్రెషర్ కుక్కరొక్కటే మరి.

నాకున్నది ఒక్క చెల్లెలు. వేరే ఊళ్లో ఆసుపత్రిలో నర్సు. దాన్ని నేను వంకలమ్మ అంటాను. మంచినీళ్లిస్తే చప్పగా ఉన్నాయంటుంది. తన పెళ్లి ఫోటోల్లో తన ముక్కుకే వంక పెట్టింది. ఫోన్ చేస్తే అరగంట సేపు లోకాన్నంతా దుమ్మెత్తి పోస్తుంది. ఆ అరగంటే నాకు వారానికి సరిపడా పండగ. అలాంటిది, ఈమధ్య ఒకరోజు తనంతట తానే, మనిద్దరం కలిసి ఎక్కడికీ వెళ్లలేదు కదక్కా, ఒకసారి వెళ్దామా అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. హోటల్ నేను చూస్తానన్నాను. గోలగా ఉంటే వచ్చిన బండికే వెనక్కెళ్లిపోతానని ముందే బెదిరించింది. ఇంకేముంది, కోట వెనక వీధిలో ఇద్దరికి గది తీసుకున్నాను. మా ఊరి నుంచి నేను బస్సులో పగలే వెళ్లేలా, అది సాయంత్రం రైల్లో దిగేలా అనుకున్నాం. స్టేషన్‌కి ఎదురొస్తాలే అని మాటిచ్చాను.

మబ్బు పట్టిన మధ్యాహ్నం. కోట గోడలో ఒక పాత గుమ్మం ఉంది, దాని దాకా టాక్సీలో వెళ్లి దిగాను. గుమ్మం దాటి రెండడుగులు వేశానో లేదో, వెనకున్న చప్పుళ్లన్నీ ఎవరో తలుపేసినట్టు ఆగిపోయాయి. వీధి తుడిచిపెట్టినంత శుభ్రంగా ఉంది. కిటికీలన్నిటికీ తెరలు వేసి ఉన్నాయి. కుక్క లేదు, పిట్ట లేదు. నా పెట్టె చక్రాల చప్పుడు నాకే సిగ్గేసేంత పెద్దగా వినపడింది. ప్రశాంతత అంటే ఇదీ అనుకుని నా భుజం నేనే తట్టుకున్నాను.

హోటల్లోకి అడుగుపెట్టగానే తడి సున్నం వాసన. అప్పుడే గోడ కట్టి పూడ్చేసిన గుమ్మం దగ్గర వస్తుందే, అలాంటిది. దాని కింద ఎప్పుడో మడతపెట్టి మరిచిపోయిన బట్టల వాసన. బల్ల వెనక స్వెట్టర్ వేసుకున్న మేనేజరు, సన్నటి మనిషి, తల వంచుకుని కూర్చున్నాడు. గది ఉందండీ మా పేరు మీద అన్నాను. పేరింకా చెప్పనేలేదు. ఆయన మెల్లగా లేచి నిలబడ్డాడు.

"మీ గొంతు మాకు తెలుసమ్మా" అన్నాడు, గుసగుసగా. "రండి."

నిజం చెప్పొద్దూ, నాకు సంబరమేసింది. నా గొంతు విని లేచి నిలబడ్డవాళ్లని పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

గదిలో రెండు మంచాలు. అలవాటు కొద్దీ అన్నీ పరీక్షించాను. కుళాయి తిప్పగానే వేడినీళ్లు. దిండు మెత్తగా, దుప్పటి తెల్లగా ఉన్నాయి. కిటికీ తెరిస్తే ఎదురుగా కోట గోడే, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా. మా వంకలమ్మ దీనికేం వంక పెడుతుందో చూస్తానని నవ్వుకున్నాను. ఆ నవ్వు ఆగాక తెలిసింది, ఎంత నిశ్శబ్దంగా ఉందో. ఏ హోటల్లోనైనా ఎవరో దగ్గుతారు, ఎక్కడో బకెట్టు చప్పుడవుతుంది. ఇక్కడ ఏమీ లేదు. చాలాసేపు అలాగే కూర్చున్నాను.

అప్పుడు వరండాలో ఎవరో గొంతు సవరించుకున్నారు.

రెండుసార్లు.

తలుపు తీసి చూస్తే ఎవరూ లేరు. మనసు కీడు శంకించింది గానీ, ఊరికే భయపడుతున్నానని నన్ను నేనే కసురుకున్నాను. కాస్త టీ తాగితే సర్దుకుంటుందని కిందికి దిగాను.

భోజనాల గదిలో అప్పుడే చీకటి పడుతోంది. దీపాలు వెయ్యలేదు. బల్లలన్నీ నిండి ఉన్నాయి, కానీ ఒక్కో బల్లకి ఒక్కో మనిషి. ఎవరి ముందూ కంచం లేదు, కప్పు లేదు. ఎవరూ ఎవరి వంకా చూడటం లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఏదో బండి కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చున్నారు. నేను గుమ్మంలోనే ఆగి, టీ దొరుకుతుందా అండీ అన్నాను.

తలలన్నీ ఒకేసారి తిరిగాయి. నా మొహం వైపు కాదు. నా నోటి వైపు.

దగ్గరి బల్ల ముందున్నావిడ చిన్నగా నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు.

"మీరే కదూ" అంది. "మీరు చెప్పినట్టే ఉందండీ. చాలా ప్రశాంతంగా ఉంది."

ఆవిడ ఫోన్ చేసి ఏళ్లు గడిచాయి. మీరు రెండు రోజులకే కదా వచ్చారు, ఎప్పుడు వెళ్తున్నారు అని అడిగాను. ఆవిడ గుర్తు తెచ్చుకోవడానికి చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి. మళ్లీ చిన్నగా నవ్వింది, అంతే.

"ఇంకొంచెం మాట్లాడండి" అంది.

నా వెనక కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత ఇంకొకటి… తడి సున్నం వాసన గుప్పుమంది. చెవి పక్కనే ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఏ ఏరియాలో దిగాలో చెప్పమ్మా… ఫోన్లో చెప్పేదానివే… అలా."

నేను నోరు తెరిచాను. ఒట్టు, తెరిచాను. స్టేషన్ పక్కన దిగితే… అని మొదలుపెట్టాను కూడా. ఎందుకంటే అంతమంది, అంత ఆబగా, నా మాట ఎప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది. అక్కడే ఒక కుర్చీ లాక్కుని కూర్చోవాలనిపించింది. బజారు చేతికందుతుంది… అని అంటుండగా ఒక్కసారిగా తట్టింది. ఈ వీధి నుంచి ఫిర్యాదు ఎందుకు రాలేదో. ఫిర్యాదు చెయ్యాలంటే ముందు తిరిగి రావాలి కదా.

ఆ వెంటనే, చెల్లెలు. రైలు. అది ఒక్కతే వస్తోంది.

పెట్టె పైనే వదిలేసి, బల్లల మధ్య నుంచి ఎలా వచ్చానో తెలియదు, మేనేజరు ముందు నిలబడ్డాను. మేము ఉండటం లేదు, గది వద్దు అన్నాను. గొడవ పడతాడనుకున్నాను. పడలేదు.

"మిమ్మల్ని ఎలా ఉంచుకుంటామమ్మా… మీరిక్కడే ఉంటే మాకు జనాన్ని పంపేదెవరు?" తలుపు తనే తీసి పట్టుకున్నాడు. "గది ఇద్దరికి చెప్పారు. ఒకరొచ్చారుగా… చాలు."

నేనొచ్చింది చాలంటున్నాడనుకున్నాను. అడిగే ఓపిక లేదు. పరుగెత్తాను. గుమ్మం దాటగానే హారన్లు, అరుపులు, ఎవడో డ్రైవరు ఎవడినో బూతులు తిట్టడం, అన్నీ మీద పడ్డాయి. అంత తియ్యటి బూతులు నేనెప్పుడూ వినలేదు.

దారంతా చెల్లెలికి ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఎత్తలేదు. స్టేషన్‌లో బండి ఇంకా రాలేదన్నారు. ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద చూస్తే, సంచీ ఒళ్లో పెట్టుకుని, చేతులు దాని మీద ఆనించి, మా చెల్లెలే కూర్చుని ఉంది.

అనుకున్నదాని కంటే ముందు రైలే దొరికిందట. నువ్వు చెప్పిన వీధి దాకా వెళ్లొచ్చానక్కా, నువ్వు కనపడలేదు, వచ్చేశాను అంది. వచ్చేశాను అన్న మాట విని దాన్ని అక్కడే కావలించుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. అందరూ చూశారు. చూస్తే చూశారు. దాని వేళ్లు చల్లగా ఉన్నాయి, చలిగాలికి కూర్చుందిలే అనుకున్నాను. ఆ హోటల్లో జరిగింది దానికి చెప్పలేదు. బెదిరిపోతుందని, రేపు తెల్లారాక చెప్దామనుకున్నాను. గది అక్కడ బాగోలేదు, ఇక్కడే ఉందాం అన్నాను, అంతే.

స్టేషన్ ఎదురుగా దొరికిన మొదటి హోటల్లో దిగాం. అబ్బ, ఏం గది! మంచం కిర్రుమంటోంది. తెర చిరిగింది. కుళాయిలో ఎర్రనీళ్లు. బండి పోతే కిటికీ అద్దాలు గడగడా వణుకుతున్నాయి. ఇంతటి దరిద్రపు గదిని చూసి అంత ఆనందపడ్డది లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఇప్పుడు మా వంకలమ్మ అందుకుంటుంది, నన్నూ నా ఉద్యోగాన్నీ కలిపి చాకిరేవు పెడుతుంది, తనివితీరా విందామని ఎదురు మంచం మీద కూర్చున్నాను.

అది ఏమీ అనలేదు.

కుళాయి చూశావా, ఆ నీళ్లేంటే అన్నాను. ఫర్వాలేదక్కా అంది. టీ తెప్పించాను, కాలువ నీళ్లలా ఉంది. బాగుందంది. ఆ దిండు రాయిలా లేదూ అన్నాను. లేదక్కా, బాగుంది.

"ఏమే, గోల ఉంటే ఉండనన్నావుగా. ఒక్క మాటైనా తిట్టవే. నన్నైనా తిట్టు."

అప్పుడే కిటికీ కింద నుంచి పెద్ద బండి పోయింది. అద్దాలు, మంచం, కప్పులు అన్నీ వణికాయి. వణకనిది అదొక్కతే. చప్పుడు ఆగాక చూస్తే, చేతులు ఒళ్లో పెట్టుకుని నా వైపే చూస్తోంది. నా కళ్లలోకి కాదు. గదిలో ఎక్కడి నుంచో తడి సున్నం వాసన…

"ఇంకొంచెం మాట్లాడక్కా" అంది, గుసగుసగా. "ఏ ఏరియాలో దిగాలో చెప్పు… ఫోన్లో చెప్తావే… అలా."