పీపా కాదన్న అన్నం

2083లో కడలిపురం ప్రజలు తమకు కావలసిన మట్టిని తామే తయారుచేసుకునేవారు. కాకినాడ తీరానికి దూరంగా సముద్రం మీద తేలే ఆ పట్టణంలో నేలన్నదే లేదు. అందుకే మూడువందల ఇళ్లకూ ఇంటికొక దొర్లుడు పీపా ఇచ్చారు. వంటింటి తొక్కలు, మిద్దెతోటలో రాలిన ఆకులు అందులో వేస్తే చాలు. ఇరుసు మీద గంటకోసారి దొర్లుతూ అది పది రోజుల్లో ఎరువు చేసి ఇచ్చేది.

దాన్ని కనిపెట్టిన సూక్ష్మజీవ శాస్త్రవేత్త వకుళ అందులో మరో ఏర్పాటు కూడా చేసింది. మూత కింద వాసన పసిగట్టే సెన్సర్ ఉండేది. దానికి 'ఘ్రాణపట్టీ' అని పేరు పెట్టింది. ఎవరైనా పాడవని అన్నం వేస్తే, "ఇది తినదగినది" అని చెప్పి పీపా దాన్ని వీధివైపు పళ్లెంలోకి తోసేసేది. ఆకలిగా ఉన్నవాళ్లు తీసుకునేవారు.

ఆరు నెలలకు పళ్లేల్లోకి ఏమీ రాకుండా పోయింది. అన్నం వృథా ఆగిపోయిందని పాలకమండలి వకుళకు శాలువా కప్పి సన్మానం చేసింది. ఆమె బయటికి వస్తుంటే నూకరత్నం ఆపింది. పట్టణం అడుగున పట్టే నాచును గీకే కూలి ఆమె.

"అమ్మగారూ, మీ పీపాలు పాడైపోయాయేమో చూడండి. మూడు వారాల నుంచి ఒక్క మెతుకు రావట్లేదు. మా పిల్లకి పెట్టుకునేదాన్ని."

మర్నాడు ఉదయం వకుళ తన సహాయకుడు ఇమ్మానుయేలును వెంటబెట్టుకుని మొదటి వీధిలోని భ్రమరాంబగారింటికి వెళ్లింది. పీపాలో చెయ్యి పెట్టి చూసింది. మగ్గుతున్న ఎరువు వెచ్చగా ఉండాలి. ఇది చల్లగా, జిగటగా తగిలింది. గుప్పుమని ఫినాయిల్ వాసన కొట్టింది.

"ఇందులో ఫినాయిల్ ఎవరు పోశారండీ?"

"నేనేనమ్మా. వట్టి అన్నం వేస్తే నీ పీపా తీసుకోదుగా. రెండు మూతలు పోస్తే నోరు మూసుకుని తీసుకుంటుంది."

"మంచి అన్నమే కదా. ఎవరో ఒకరు తినేవారు."

"అదేగా నా బాధ. మేం తినే సన్నబియ్యమే ఆ నాచు గీకేవాళ్లు మా గుమ్మం ముందు నిలబడి తింటుంటే ఏం బాగుంటుంది చెప్పు?"

ఆవిడ గొంతులో సిగ్గన్నది లేదు. వకుళ ఆ సాయంత్రానికల్లా ఇళ్లన్నీ తిరిగింది. రెండువందల పదకొండు పీపాల్లో అదే వాసన. మిగతా ఇళ్లలో పారేసేంత అన్నమే మిగలదు. ఫినాయిల్ పడిన పీపాల్లో సూక్ష్మజీవులు చచ్చిపోయాయి. మిద్దెల మీద టమాటా మొక్కలు అప్పటికే పండుబారుతున్నాయి.

మండలి సమావేశానికి ఆమె ఒక గిన్నెడు ఆ అన్నం తీసుకెళ్లి బల్ల మీద కుమ్మరించింది.

"వాసన చూడండి. దీనికోసం మూడు వారాలుగా ఒక పసిపిల్ల ఎదురుచూస్తోంది. మీరు దీంట్లో విషం కలిపి, నాకు సన్మానం చేశారు."

అధ్యక్షుడు ధర్మలింగం ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "కోప్పడకండి మేడమ్. జనాన్ని మార్చడం మన వల్ల కాదు. ఫినాయిల్‌ని తట్టుకునే సూక్ష్మజీవుల్ని తయారుచెయ్యండి. మీకది తేలికే కదా."

"తేలికే. కానీ చెయ్యను."

"నేను చేస్తానండీ," అన్నాడు ఇమ్మానుయేలు, ఆమె వైపు చూడకుండా. "మట్టి లేకపోతే ఎవరికీ తిండి ఉండదు కదండీ."

వకుళ అక్కడే రాజీనామా రాసి, ఆ అన్నం పక్కన పడేసి వెళ్లిపోయింది.

నాలుగు నెలల్లో కొత్త సూక్ష్మజీవులు వచ్చాయి. అవి ఫినాయిల్‌ని తట్టుకోవడమే కాదు, దాన్నే తిని పెరిగాయి. పీపాలు మళ్లీ వెచ్చబడ్డాయి, టమాటాలు విరగకాశాయి. ఆ తర్వాత ఒక లోపం బయటపడింది. ఫినాయిల్ తగలని దేన్నీ అవి ముట్టవు, తొక్కలైనా సరే, ఆకులైనా సరే. దాంతో పీపాలో వేసే ప్రతిదాని మీదా రెండు మూతల ఫినాయిల్ పోసి తీరాలని మండలి ఆదేశించింది. వీధివైపు పళ్లేలు ఊడదీయించింది.

నీళ్ల వాడకం మీద, దీపాల వేళల మీద పెట్టిన ప్రతి నియమానికీ గొడవపడిన కడలిపురం, దీన్ని మాత్రం మొదటి రోజు నుంచే ఒక్క ఇల్లూ తప్పకుండా పాటించింది.