పునీతుల పలకలు

జీపు మళ్లీ ఆగింది!

జీపు ముందు, వానలో దొంగ అంతయ్య పరుగెడుతున్నాడు. భుజాన గోనెసంచి. రోడ్డు దిగి నాలుగడుగులు వేస్తే ఆసిఫాబాద్ అడవి.

అడవిలో పడితే... ఇక దొరకడు.

"జర ఆగు సారూ, స్టార్ట్ అయితది," అన్నాడు టింబర్ కాంట్రాక్టర్ సిద్దిరాములు. ఇంజన్ దగ్గింది. చచ్చింది.

ఎస్సై లింగమూర్తి పళ్లు కొరికాడు. స్టేషన్ జీపు షెడ్డులో ఉందంటే, సిద్దిరాములే తన జీపు తెచ్చాడు. బెల్లంపల్లి దాటినప్పటి నుంచీ ఇదే వరస!

ఆ సంచిలో ఉన్నవి మట్టిపలకలు. వెయ్యేళ్ల కిందట తూర్పు రోమన్ రాజ్యమేలిన బైజాంటియం రాజుల కాలంనాటివి. ఒక్కోదాని మీద ఒక్కో క్రైస్తవ పునీతుడు, తల వెనక పసుపు వలయం, పైన గాజులాంటి మెరుగు. చర్చి కట్టించిన తెల్లదొర ఫాదర్ ఓడలో తెచ్చి బలిపీఠం వెనక గోడకు అతికించాడు.

ఇప్పుడా గోడకు గుంతలే మిగిలాయి.

తాళంచెవి చర్చి ఊడ్చే దేవవ్వ దగ్గర ఉండేది. అందుకే ఆమె లాకప్‌లో ఉంది. రేపు కోర్టు.

"రోజూ గా సాముల మొకాలు తుడిచిన సారూ. నేనెట్ల అమ్ముకుంట?" అని స్టేషన్‌లో మొరపెట్టుకుంది.

లింగమూర్తి నమ్మాడు. పలకలు దొరక్కపోతే ఆ నమ్మకం ఎందుకు పనికొస్తుంది?

దూకాడు. ఉరికాడు. జారాడు. లేచాడు.

రోడ్డు కింది నీటి మోరీ దగ్గర అంతయ్య కాలర్ చేతికి చిక్కింది!

సంచి దభీమని పడింది. లోపల ఏదో పగిలిన చప్పుడు. మూతి విప్పితే... ఒక పునీతుడి ముఖం రెండు ముక్కలు.

ఛ!

"ఎవడు చేయించిండురా?"

అంతయ్య రొప్పుతూ, దేవవ్వకు ఏం తెలియదన్నాడు. మారుతాళం చేయించి ఇచ్చింది వేరే మనిషట.

"పేరు చెప్పు!"

అంతయ్య చూపు లింగమూర్తి భుజం మీదుగా పోయి ఆగింది.

"నీ ఎన్కనే ఉన్నడు సారూ."

ఢాం!

అంతయ్య సంచి మీదికి ఒరిగాడు.

వెనక సిద్దిరాములు. చేతిలో వేట తుపాకీ. అంతయ్య కత్తి తీశాడనీ, సారును కాపాడటానికే కాల్చాననీ తొణక్కుండా చెప్పాడు.

లింగమూర్తి అంతయ్య చేతులు చూశాడు. రెండూ ఖాళీ. బురద తప్ప ఏం లేదు.

ఇంత ఉరికి... పట్టుకుని... ఉన్న ఒక్క సాక్షీ పోయాడు!

"కత్తి ఏది?"

సిద్దిరాములు తుపాకీ దించలేదు.

అది రెండు గొట్టాల తుపాకీ. పేలింది ఒకటే.

రెండోది మెల్లగా లింగమూర్తి గుండెల మీదికి తిరిగింది.