మొగలో లంగరు

తెరచాప చిరిగిపోయింది కాబట్టి ఏరు సముద్రంలో కలిసే ఆ మొగలోకి రాక తప్పలేదు. లేకపోతే ఆమె ఈ జన్మలో అటువైపు చూసేది కాదు. పోయినేడు ఆమె భర్త పోయింది అక్కడే. పడవ ఇసుకమేట ఎక్కితే, దాన్ని నెట్టడానికి నడుముకి తాడు కట్టుకుని నీళ్లలోకి దిగాడు. అంతలో పోటు ముంచుకొచ్చింది. తాడు తెగిపోయిందని మరిది ఒక్కడే ఇంటికొచ్చి చెప్పాడు.

ఇప్పుడు ఆ మరిదే పడవ ముందు కూర్చుని, తాడుకి కట్టిన సీసపు గుండు వదులుతూ లోతు చెబుతున్నాడు. చుక్కాని ఆమె చేతిలో ఉంది. నీళ్లు నల్లగా, లోతుగా ఉన్నచోటు చూసుకుని పడవని పోనిస్తోంది.

"రెండు బారలు వదినా... ఒకటిన్నర."

"కాస్త గట్టిగా చెప్పి చావు."

పట్టపగలే మంచు దిగింది. గట్లు కనపడటం మానేశాయి. కుళ్లిన నాచు వాసన. పడవ పక్కల్ని నీళ్లు తడుముతున్న చప్పుడు.

మరిది నోరు ఆగిపోయింది. సీసపు తాడు బిగుసుకుంది. కింద ఎవరో పట్టుకుని ఒకసారి లాగారు.

"కావాలని కాదన్నా..." అని నీళ్లకేసి గొణిగాడు.

ఆమెకి భయం వేయలేదు. ఒళ్లు భగ్గుమంది. "ఏంట్రా కావాలని కానిది?"

"అన్న పోటుకి కొట్టుకుపోతుంటే, తాడుతో పాటు పడవ కూడా మళ్లీ మేట మీదికి పోతోంది వదినా. భయమేసింది. ముడి విప్పేశాను."

ఏడాదిగా వీడికి అన్నం పెట్టింది. వీడు ఏడిస్తే వీపు నిమిరింది.

పళ్లు బిగబట్టింది. ముందు పడవ నిలవాలి. చిరిగిన తెరచాప దించి, పడవ ముక్కు ప్రవాహానికి ఎదురు తిప్పింది. లంగరు విసరనివ్వకుండా మరిదిచేత మెల్లగా దింపించింది. లోతుకి ఐదింతలు తాడు వదిలించింది. పడవ వెనక్కి జరిగి, తాడు బిగిసి, నిలిచింది.

కాసేపటికి పోటు నిండింది. నీళ్లు కదలడం లేదు. గాలి లేదు. వేలాడాల్సిన లంగరు తాడు మాత్రం బిగుసుకుంది...

పడవ ముందుకి కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. ఎవరో చేతులు మార్చి మార్చి లాగుతున్నట్టు...

"కోసేద్దాం వదినా," అని మరిది కత్తి తీశాడు.

ఆమె కత్తి లాక్కుని నీళ్లలోకి విసిరేసింది. పడవ ముందున్న గుంజ నుంచి లంగరు తాడు విప్పి వాడి చేతుల్లో పెట్టింది.

"పట్టుకో. ఈసారి వదిలావంటే నేనే నిన్ను తోసేస్తాను."

వాడు పట్టుకున్నాడు. అరచేతులు ఒలిచుకుపోయాయి. ఏడ్చాడు. ఆమె చూస్తూ నిలబడింది. నీళ్లు తిరిగి సముద్రంకేసి మళ్లాక లాగడం ఆగింది. మంచు విడిపోయింది. ఇంకా ఎండ ఉంది. మేట పడవ ముక్కుకి బారెడు దూరంలో ఉంది.

లంగరు ఆమే పైకి తీసింది. అక్కడ అడుగంతా మోకాలి లోతు బురద. లంగరుకి ఒక్క మరక లేదు. ముట్టుకుంటే ఇనుము, మనిషి ఒంటిలా వెచ్చగా ఉంది.