తొందరగా దిగిపోయే బ్యాటరీలు

"ఇవి ఇవ్వనండీ!"

ఎలక్ట్రికల్ షాపు కౌంటర్ వెనక నుంచి లిడియా చౌక బ్యాటరీల ప్యాకెట్‌ని మళ్ళీ అరలోకి విసిరేసింది. జోజి బిత్తరపోయాడు.

"అదేంటండీ? ఎప్పుడూ అవే కదా తీసుకెళ్తాను."

"అందుకే ఇవ్వను. ప్రతి శనివారం కొంటారు, ఆదివారం మధ్యాహ్నానికే దిగిపోయేయంటారు. ఇంతకీ మీ మిషన్‌కి నిధి దొరికిందా?"

"ఆయ్. సోడా మూతలు, మేకులు. మొన్న ఒక గరిటె కూడానండీ."

"కాపురం పెట్టేయొచ్చు అయితే!"

ఆమె నవ్వింది. ఆ వారంలో జోజి మొహం చూసి నవ్విన మొదటి మనిషి ఆమె.

అతను ఉద్యోగం కోసం అమలాపురం వచ్చి ఏడాది కావస్తోంది. సాయంత్రమైతే ఆఫీసులో వాళ్ళంతా బస్సులెక్కి ఇళ్ళకు పోతారు. అద్దె గదిలో ఫ్యాన్ చప్పుడే తోడు. ఆదివారం చర్చి అయ్యాక, సెకండ్ హ్యాండ్‌లో కొన్న మెటల్ డిటెక్టర్ పట్టుకుని గోదావరి లంకకు వెళ్తాడు. ఇసుక మీద అది కుయ్‌మంటే, తననెవరో పిలిచినట్టు ఆగిపోతాడు.

"ఇవి తీసుకోండి. రీఛార్జబుల్." లిడియా కొత్త ప్యాకెట్ ముందుకు తోసింది. "ఒక్కసారి కొంటే చాలు. ఇక మా షాపు మొహం చూడక్కర్లేదు."

జోజి ఆ ప్యాకెట్‌ని వెనక్కి నెట్టాడు.

"వద్దండీ. పాతవే ఇవ్వండి."

"ఎందుకని?"

"ఊరికేనండీ."

లిడియా మొహం ఎర్రబడింది. "ఖరీదైనవి అంటగడుతున్నాననుకున్నారా? నాన్నగారూ, ఈయనకేం కావాలో మీరే చూడండి!"

సుందరరావు లోపల్నుంచి వచ్చి, చౌక బ్యాటరీలు పొట్లం కట్టి ఇచ్చాడు. లిడియా తల తిప్పి చూడలేదు.

బయట వాన మొదలైంది. జోజి మెట్లు దిగాడు. నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. ఇలాగే వెళ్ళిపోతే? వచ్చే శనివారం ఈ మెట్లెక్కే ధైర్యం ఉండదు. ఆ తర్వాత మాట్లాడేందుకు ఊళ్ళో ఒక్కరూ ఉండరు.

తడుస్తూ వెనక్కి వచ్చాడు.

"లిడియా గారూ, మీరు చూపించినవే మంచివి. నాకు తెలుసండీ."

"మరి?"

"అవి కొంటే... మళ్ళీ ఇక్కడికి రావడానికి నాకు పనేం ఉంటుందండీ?"

సుందరరావు ఉన్నట్టుండి ఒక టేబుల్ ఫ్యాన్ తీసుకుని, దాని వెనక దాక్కున్నట్టు కూర్చుని తుడవసాగాడు.

లిడియా జోజి చేతిలోని తడి పొట్లం లాక్కుంది. రీఛార్జబుల్ ప్యాకెట్ ఆ చేతిలో పెట్టింది.

"ఇవే తీసుకెళ్ళండి."

జోజి మొహం వాడిపోయింది. "సరేనండీ. ఛార్జర్ కూడా ఇవ్వండి."

"ఛార్జర్ అమ్మను."

"అదేంటండీ!"

"అది ఇక్కడే ఉంటుంది. దిగిపోయినప్పుడల్లా పట్టుకురండి." ఆమె కళ్ళు కౌంటర్ మీదే ఉన్నాయి. పెదవులు మాత్రం నవ్వు దాచలేకపోతున్నాయి. "ఛార్జ్ ఎక్కడానికి చాలాసేపు పడుతుంది మరి. కుర్చీ వేయిస్తాను."

టేబుల్ ఫ్యాన్ వెనక నుంచి సుందరరావు గొంతు వినిపించింది.

"రెండు వెయ్యమ్మా."