ముప్ఫై అయిదు నిమిషాల జనవరి

అయినా చెంపదెబ్బకి పదకొండు గంటల ఆయుష్షు ఉండదు, చర్మానికి అంత జ్ఞాపకం లేదు, ఈ చురుకు అరచేతిలోది కాదు అనుకుంటూనే ఎస్సై ఆ అరచేతిని టేబుల్ అంచుకి రుద్దుతోంది.

బుధవారం. ఉదయం 6.05.

ఎదురుగా లాప్‌టాప్. తొమ్మిదేళ్ళ పాతది. రాత్రంతా ఆన్‌లోనే ఉంది. తెర మీద చుక్కల చక్రం తిరుగుతోంది. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ తనకి కావలసిన అప్‌డేట్లు తనే దించుకుంటోంది.

లాకప్‌లో మెకానిక్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. యాభై ఏళ్ళ మనిషి. కళ్ళజోడు కాడ ఒకటి విరిగింది. అది నిన్న రాత్రి 7.20కి విరిగింది.

ఈ కేసులో పోయింది ప్రాణం కాదు, నగలు కాదు. ఒక గొంతు.

గొంతు ఒక టీచరమ్మది. ముప్ఫై ఏళ్ళు మూడో తరగతికి పాఠాలు చెప్పింది. స్వరపేటికలో గడ్డ వచ్చింది, తీసేస్తే ఇక మాట రాదన్నారు. ఆపరేషన్‌కి ముందు మూడు వారాలు కూర్చుని వెయ్యిన్ని ఆరువందల పన్నెండు వాక్యాలు రికార్డు చేసుకుంది. ఆ తర్వాత ఆమె టైప్ చేస్తే లాప్‌టాప్ ఆమె గొంతుతో పలికేది. ఈ మధ్య అది ముసలిదైపోయింది. ‘కూర్చోండి’ అని కొడితే వచ్చినవాళ్ళు లేచి చెప్పులేసుకునే వేళకి పలుకుతోంది. అందుకే కొత్త సిస్టమ్ వేయమని మెకానిక్‌ని పిలిచింది.

మంగళవారం సాయంత్రం 4.40కి ఆమె చెకప్ ముగించుకుని ఆస్పత్రి నుంచి తిరిగొచ్చేసరికి మెకానిక్ లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. డిస్క్ ఖాళీ. ఒక్క వాక్యం లేదు.

ఆమె ఫిర్యాదు పలక మీద రాసి తెచ్చింది. సీఐ చదివి నవ్వాడు. అప్‌డేట్ కూడా నేరమైతే దేశంలో సగం మందిని లోపలెయ్యాలన్నాడు. ఎస్సైకి ఒళ్ళు మండింది. కానీ సీఐ చెంప అందనంత ఎత్తులో ఉంటుంది. కోపం ఎప్పుడూ అందే చెంపనే వెతుక్కుంటుంది.

మెకానిక్ చెప్పింది ఒకటే ముక్క. తను వెళ్ళేసరికే ఎవరో సిస్టమ్ ఎక్కించడం మొదలుపెట్టేశారు, టీచరమ్మ భర్త, ఆ పెద్దాయన, ఫైళ్ళన్నీ కాపీ తీసుకునే ఉంటారనుకుని మిగతాది పూర్తిచేశాడు. ఎస్సై లాప్‌టాప్ ప్లగ్ పెట్టబోతుంటే మాత్రం లేచి అరిచాడు.

“ఆన్ చెయ్యొద్దు మేడమ్. దాన్ని ముట్టుకోవద్దు.”

దొంగకి కాక ఎవరికుంటుంది ఆ భయం? ఆమె కొట్టింది. ఆన్ చేసింది. స్టేషన్ నెట్ తగిలించింది. వదిలేసింది.

ఈరోజు పన్నెండింటికి అతన్ని మెజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఆ తర్వాత అతని దుకాణానికి ఎవరూ లాప్‌టాప్ తీసుకురారు.

ఆవులిస్తూ కానిస్టేబుల్ వచ్చాడు. స్టేషన్లో అతన్ని నిద్రగన్నేరు అంటారు. ఫోను ఛార్జింగ్ పెట్టుకోవడానికి టేబుల్ కింద ఉన్న ప్లగ్ లాగేశాడు.

లాప్‌టాప్ చటుక్కున చచ్చిపోయింది.

“బ్యాటరీ లేదా దీనికి?”

“ఎప్పుడో పోయిందట మేడమ్. వైరుంటేనే ఊపిరి.” అతను నాలిక కరుచుకుని ప్లగ్ మళ్ళీ పెట్టాడు.

తెర వెలిగింది. మూలన గడియారం. ఎస్సై రుద్దుతున్న చెయ్యి ఆగిపోయింది.

జనవరి 1. రాత్రి 12.00. తొమ్మిదేళ్ళ కిందటి సంవత్సరం.

నిన్న రాత్రి తను ప్రింటు తీసిన లాగ్ గుర్తొచ్చింది. సిస్టమ్ ఎక్కేటప్పుడు లాప్‌టాప్ తన పనులన్నీ టైముతో సహా రాసుకునే పట్టీ అది. మొదటి పేజీలో అన్నీ ఆ పాత జనవరి 1 తేదీలే. 12.00 నుంచి 12.35 దాకా. పాత చెత్త అనుకుని వదిలేసింది. తర్వాతి వరస మంగళవారం మధ్యాహ్నం 2.47. అప్పటికి మెకానిక్ టీచరమ్మ ఇంట్లో ఉన్నాడు. ఇంకేం కావాలి అనుకుంది.

లాకప్ దగ్గరికి వెళ్ళింది. అతను రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ చేతుల్ని చూడకుండా అడిగింది.

“గడియారం ఎందుకు వెనక్కి పోతోంది?”

“లోపల గుండీ అంత సెల్ ఒకటుంటుంది మేడమ్. అదీ పోయింది. వైరు పీకితే తేదీ మర్చిపోతుంది. మళ్ళీ మనం పెట్టాలి. లేదా నెట్ తగలాలి.”

“నిన్న నెట్ ఎవరు తగిలించారు?”

“నేనే. వెళ్ళిన అయిదారు నిమిషాలకి.”

“ఆన్ చెయ్యొద్దని ఎందుకన్నావు?”

అతను ఆమె వంక కాకుండా టేబుల్ వంక చూశాడు. “చెరిపేసినా ఫైళ్ళు అడుగునే ఉంటాయి. పైన కొత్తవి రాసుకుంటూ పోతేనే నిజంగా పోతాయి. ఆన్‌లో ఉన్నంతసేపూ రాసుకుంటూనే ఉంటుంది మేడమ్.” కళ్ళజోడు సర్దుకున్నాడు. “రాత్రంతా ఆ వెలుగు నాకు ఇక్కడికి కనబడుతూనే ఉంది.”

ఎస్సై వెళ్ళి ప్లగ్ పీకేసింది. ఈసారి కోపం ఎవరి మీదో వెతుక్కోవలసిన పని లేకపోయింది.

10.30. టీచరమ్మ ఇల్లు. ముందు గదిలో ఎస్సై కాక అయిదుగురు.

టీచరమ్మ కుర్చీలో ఉంది. మెడ చుట్టూ తెల్లటి గుడ్డ, ఒళ్ళో పలక. పక్కన ఆమె భర్త. కరెంటాఫీసులో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. గుమ్మంలో ఆడపడుచు. నిన్న వదినని ఆస్పత్రికి తీసుకెళ్ళింది ఆవిడే. గోడవారన నిద్రగన్నేరు, మెకానిక్.

మెకానిక్‌ని చూడగానే ఆడపడుచు అందుకుంది. “ఈ మహానుభావుణ్ణి మళ్ళీ ఎందుకు తెచ్చారు? మిగిలిన ఫ్యానూ లైటూ కూడా మూగబోవాలా?”

ఎస్సై ఆవిడకి జవాబివ్వలేదు. గది చూస్తోంది. టీవీ ప్లగ్ పీకి ఉంది. ఇస్త్రీపెట్టె ప్లగ్ పీకి ఉంది. టేబుల్ లైటు వైరు చుట్ట చుట్టి ఉంది.

“ఇవన్నీ ఎవరు పీకుతారు?”

“మా అన్నయ్యే. గడప దాటాలంటే ఇంట్లో ప్లగ్గులన్నీ ఊడాల్సిందే. కరెంటు నెత్తినెక్కి నాట్యం చేస్తుందని భయం.”

“మంగళవారం వీళ్ళు ఆస్పత్రికి ఎన్నింటికి బయల్దేరారు?” భర్తని అడిగింది.

“ఒకటిన్నరకి.”

“మీరు?”

“రెండున్నరకి. క్షవరానికి. మంగలి షాపులో అడగండి.”

“అడిగాను. రెండు ముప్ఫై ఎనిమిదికి కుర్చీలో కూర్చున్నారు. అంతకుముందు 2.31కి మెకానిక్‌కి ఫోన్ చేశారు. ఏమన్నారు?”

“తలుపు దగ్గరికే వేసి ఉంది, లోపలికెళ్ళి పని చూసుకోమన్నాను.”

“లాప్‌టాప్ ముట్టుకున్నారా?”

“నాకవి రావమ్మా.”

ఎస్సై టీచరమ్మ వైపు తిరిగింది. లాప్‌టాప్ ఆన్ చేయగానే మొట్టమొదట ఏం చేస్తారని అడిగింది.

టీచరమ్మ పలక మీద ఒక్క మాట రాసింది. *తేదీ.* బడిలో నల్లబల్ల మీద ఏం రాయాలన్నా ముందు తేదీ వెయ్యాలి కదా. అదే అలవాటు.

మెకానిక్ కూడా అంతే చెప్పాడు. తేదీ పెట్టకపోతే ఆ లాప్‌టాప్‌లో ఒక్క పనీ కుదురుగా జరగదు.

“నిన్న మొదలుపెట్టిన మనిషి తేదీ పెట్టలేదు,” అంది ఎస్సై. లాగ్ కాగితం టేబుల్ మీద పరిచింది. “మీరు పీకిన ప్లగ్ మళ్ళీ పెట్టగానే ఇది జనవరి ఒకటికి పోయింది. అక్కణ్ణుంచి ముప్ఫై అయిదు నిమిషాలు నడిచింది. 2.47కి మెకానిక్ నెట్ తగిలించగానే గడియారం సరైంది. వెనక్కి లెక్కేస్తే మొదలైంది ఎప్పుడు? 2.12. ఎదురు షాపు కెమెరాలో ఇతను మీ గేటు తోసింది 2.40కి. అప్పటిదాకా ఇంట్లో ఎవరున్నారు సార్?”

పెద్దాయన కాగితాన్ని పక్కకి జరిపాడు.

“సోమవారం చూడ్డానికి వచ్చినప్పుడు ఇతను కొత్త సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్ దానికే ఉంచి వెళ్ళాడు. రేపు ముందు కాపీ తీసి, తర్వాతే ఎక్కిస్తానన్నాడు. మీరు విన్నారు. ఫైళ్ళు పోతాయని తెర మీద హెచ్చరిక వచ్చింది. సరే అన్నారు. తలుపు తీసిపెట్టి, ఇతన్ని రమ్మని, మీరు గడ్డం గీయించుకోవడానికి వెళ్ళారు.”

“అన్నయ్యా,” అంది ఆడపడుచు.

పెద్దాయన లేచాడు. మెడనరాలు ఉబ్బాయి.

“అవును, చేశాను. మీరెవరైనా విన్నారా ఆ పెట్టెని? మనిషి ఎదురుగా నోరు మూసుకుని కూర్చునుంటుంది. పాత గొంతు మూలనుంచి ‘భోంచేశారా’ అంటుంది. అదే పలుకు, అదే సాగదీత, రోజూ. బతికున్న మనిషి ఫోటోకి దండేసి, దాని ముందు నన్ను అన్నం తినమన్నట్టుండేది. నాకు నా పెళ్ళాం కావాలి. ఆ పెట్టె వద్దు.”

“ఆవిణ్ణి అడిగారా?”

“ఏం అడగాలి?”

“ఆవిడకి కావాలో వద్దో.”

ఎస్సై కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుంది. ఆ చేతిని జేబులో పెట్టుకుంది.

టీచరమ్మ పలక తుడిచింది. గట్టిగా, బలపం కిర్రుమనేలా రాసింది. పలక భర్తకి కాదు, గదికంతటికీ కనబడేలా ఎత్తి పట్టుకుంది.

*పోయింది మీ చెవి కాదు. నా గొంతు.*

పెద్దాయన చదివాడు. కూర్చున్నాడు. ఆమె పలక దించలేదు. చెయ్యి నొప్పెట్టినా దించలేదు.

సాయంత్రం 5.10. మెకానిక్ దుకాణం.

అతను డిస్క్ ఊడదీసి వేరే కంప్యూటర్‌కి తగిలించాడు. కళ్ళజోడు కాడకి దారం కట్టుకున్నాడు. వంగినప్పుడల్లా జారుతోంది, ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో పని చేస్తున్నాడు. టీచరమ్మ స్టూలు మీద నిటారుగా కూర్చుంది. భర్తని రానివ్వలేదు. కేసు ఆయన పేరుకి మార్చమని తనే సంతకం చేసింది.

స్పీకర్‌లోంచి గరగర. తర్వాత ఒక గొంతు, కొంచెం బొంగురుగా, బడి గంటలా: “అల్లరి ఆపండి.”

టీచరమ్మ కళ్ళు మూసుకుంది.

ఏడింటికి లెక్క తేలింది. వెయ్యిన్ని ఆరువందల పన్నెండులో తొమ్మిదివందల నలభై దొరికాయి.

ఎస్సై గొంతు తగ్గించి మెకానిక్‌ని అడిగింది. “రాత్రి ఆన్ చేసి ఉంచకపోతే?”

అతను స్క్రూడ్రైవర్ తుడుచుకున్నాడు. “ఇంకో నాలుగొందలు వచ్చేవేమో మేడమ్. చెప్పలేం.”

చిన్నప్పుడు ఎస్సైని వాళ్ళ నాన్న కొట్టిన ప్రతిసారీ సాయంత్రం మిఠాయి తెచ్చేవాడు. తప్పయిందని ఒక్కసారీ అనలేదు. ఆ తీపి ఆమెకి ఇప్పటికీ అసహ్యం. కొత్త కళ్ళజోడు కొనిస్తానని అనబోయి, ఆ మాట మింగేసింది.

7.40. స్టేషన్.

స్టేషన్లో జరిగిందంతా రాసే జనరల్ డైరీ తీసింది. మంగళవారం పేజీలో తన చేతిరాతే: ‘అనుమానితుణ్ణి ప్రశ్నించడమైనది. ప్రత్యేకంగా ఏమీ లేదు.’

బుధవారం పేజీ తిప్పి తేదీ వేసింది. రాయడం మొదలుపెట్టగానే నిద్రగన్నేరు భుజం మీంచి చూశాడు. అతని నిద్ర ఎగిరిపోయింది.

“మేడమ్, అది రాస్తే పైనుంచి అడుగుతారు. తర్వాత కొట్టెయ్యడం కుదరదు.”

“తెలుసు.”

‘మంగళవారం రాత్రి 7.20కి మెకానిక్‌ని నేను చెంప మీద కొట్టాను. అతను నిర్దోషి. ఆన్ చెయ్యొద్దని అతను చెప్పినా వినకుండా 7.25కి లాప్‌టాప్ ఆన్ చేశాను. ఉదయం 6.20 దాకా ఆన్‌లోనే ఉంచాను. పోయిన గొంతులో కొంత నా చేతిలో పోయింది.’

కింద సంతకం పెట్టింది. పక్కన టైము వేసింది. 7.52.