దిమ్మ పట్టిన చెయ్యి

మా కార్ల షెడ్డులో ఫెండర్ పని, అంటే చక్రాల మీది రేకు పని, అన్నయ్యా నేనూ కలిసే చేస్తాం. అన్నయ్య డిక్కీలో దూరి, లోపలి నుంచి ఇనుప దిమ్మతో గుద్ది రేకుని బయటికి ఉబ్బిస్తాడు. బయట ఎగుడుదిగుళ్లు నేను సుత్తితో సరిచేస్తాను.

ఆ రోజు వచ్చింది ఎర్ర స్పోర్ట్స్ కారు. దాని ఓనరమ్మ పళ్ల డాక్టరు. వెడల్పు టైర్లంటే ఆవిడకి మోజు. అవి పట్టాలంటే వెనక ఫెండర్లు రెండూ బయటికి ఉబ్బాలి.

"నడుం సన్నగా, వెనక దిట్టంగా కావాలట" అన్నాడు అన్నయ్య. "ఈ మాట మీ వదిన చెవిన పడిందా, నా వీపు ఇలాగే ఉబ్బిస్తుంది."

కుడి ఫెండర్ అంచు కోసి గ్యాస్‌తో కాల్చాం. పెయింటు కాలిన వాసన రావాలి. తడి జుట్టు కాలిన వాసన వచ్చింది.

"లోపల ఎలకేదో చచ్చుంటుందిలే" అన్నాడు.

సాయంత్రం వాన పట్టుకుంది. జల్లు కొడుతోందని షట్టర్ సగం దించాం. కాసేపటికి కరెంటు పోయింది. షట్టర్ కింది నుంచి వచ్చే మసక వెలుతురులో నేను కొడుతూనే ఉన్నాను. నా దెబ్బకి లోపలి నుంచి బదులు దెబ్బ. ఠంగ్... ఠక్. ఠంగ్... ఠక్. రేకు చక్కగా వంపు తిరుగుతోంది. ఎప్పుడూ రానంత చక్కగా.

"కాస్త కిందికి పట్టు అన్నయ్యా."

దెబ్బ కిందికి జరిగింది.

"ఎవడితోరా మాట్లాడుతున్నావు?" అన్నయ్య గొంతు. నా వెనక, షెడ్డు మూల నుంచి. "నేనిక్కడ టార్చి వెతుక్కుంటుంటే..."

నా సుత్తి గాల్లోనే ఆగిపోయింది.

లోపలి దెబ్బ ఆగలేదు. ఠక్... ఠక్... నా కళ్ల ముందే రేకు ఉబ్బింది. ఐదు వేళ్ల ఆకారంలో.

పరుగెత్తాను. షట్టర్ కింద నుంచి దూరి బయటపడి, ఒక్క గుంజు గుంజి నేల దాకా దించేశాను. అన్నయ్య లోపలే ఉన్నాడు. తెలిసే దించాను.

"ఒరేయ్! తియ్యరా!" షట్టర్ దడదడలాడింది. అది పైకి లేవకుండా కాలితో అదిమిపట్టి నిలబడ్డాను.

"తియ్యరా నాన్నా... అదేదో నా కాలు పట్టుకుందిరా..."

తియ్యలేదు. వానలో తడుస్తూ, గుడ్లు మిటకరిస్తూ, అలాగే నిలబడ్డాను. కాసేపటికి పిలవడం మానేశాడు.

వదిన గొడుగేసుకుని వచ్చింది. "వానలో ఏంటయ్యా ఈ నిలబడ్డం? మీ అన్నయ్యేడీ?"

నన్ను పక్కకి జరిపి ఆవిడే షట్టర్ ఎత్తింది. అన్నయ్య నింపాదిగా నడుచుకుంటూ బయటికొచ్చాడు.

"షట్టర్ ఇరుక్కుపోయింది" అన్నాడు వదినతో. "పాపం, తియ్యడానికి వీడు నానా తంటాలు పడ్డాడు."

వదిన మెచ్చుకోలుగా నా భుజం తట్టింది. ఆ చెయ్యి కింద సిగ్గుతో చితికిపోయాను. తిట్టినా బాగుండేది. చెంప పగలగొట్టినా బాగుండేది.

ఇద్దరూ ఒకే గొడుగు కింద ఇంటికెళ్లారు. నేను షట్టర్ దించి తాళం వెయ్యబోతూ వంగాను. లోపల... నేలకి బాగా దగ్గరగా... గుసగుస.

"ఒరేయ్... వాడు వెళ్లిపోయాడా?"

అన్నయ్య గొంతు.

షట్టర్ ఎత్తాలి. ఎత్తి చూడాలి. నాకు తెలుసు... చేతులకీ తెలుసు. అవి తాళం వేశాయి.

ఇంటికెళ్లేసరికి అన్నయ్య తువ్వాలుతో తల తుడుచుకుంటున్నాడు. వదిన కంచాలు పెడుతోంది.

"తాళం గట్టిగా లాగి చూశావా?" అని అడిగాడు, నా వైపు తిరక్కుండానే.

"చూశాను" అన్నాను తల దించుకుని.

"మంచి పని చేశావు. రా, కూర్చో."